ట్రాక్టరు క్లచ్చు పెడలు వదులు: కొలత, సవరణ

మన సంఘ సభ్యులలో ట్రాక్టరు గలవారు ఇంజను నూనె మార్చుటయందును, గాలి జల్లెడను శుభ్రపరచుటయందును కొంత శ్రద్ధ వహించుచున్నారు. క్లచ్చు పెడలు విషయమున మాత్రము, అది పనిచేయుచున్నంత కాలము దానివంక చూడకుండుటయే వాడుక యైనది. బండి బరువు లాగక మొరాయించిన పిమ్మట మెకానిక్కు నొద్దకు పోవుదురు. అప్పటికి లోపలి ప్లేటు కాలియుండును. ప్లేటు మార్చవలెననిన ట్రాక్టరును నడిమికి రెండు ముక్కలుగా విడదీయక తప్పదు. ఈ పని దమ్ము దినములలో వచ్చెనేని, కాలువకు నీరు వదలియుండగా, మడిలో నారు ముదురుచుండగా, బండి షెడ్డులో విప్పబడి కూర్చుండును. ఇట్టి నష్టములో చాలభాగము ఒక అడుగుబద్ద, రెండు పానాలు, అరగంట కాలముతో తప్పింపదగినది. ఆ విధమును ఈ వ్యాసమున వివరించుచున్నాము.

మేము చెప్పబోవునది పెడలునుండి క్లచ్చునకు ఇనుపకడ్డీ ద్వారా పని నడచు ట్రాక్టర్లను గూర్చియే. నూనె ఒత్తిడిచే పనిచేయు క్లచ్చు గల క్రొత్త బండ్లకు ఈ సవరణ వర్తింపదు. మన గ్రామములలో పాతబండ్లు ఇంకను చాల తిరుగుచున్నవి. మన దేశమున ట్రాక్టరు తయారీ 1959లో ఫరీదాబాదునందు ఐషరు వారితో మొదలైనది. 1960లో మద్రాసున టాఫే సంస్థ ఏర్పడి మాస్సీ ఫెర్గూసను బండ్లను చేయనారంభించెను. హెచ్.ఎం.టి. వారు 1971 నుండి పింజోరులో జెటారు పద్ధతి ట్రాక్టర్లను చేసిరి. ఆ కర్మాగారమును మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము 2016లో నిశ్చయించినది. ఇట్టి బండ్లు చేతులు మారి మారి వచ్చినపుడు వానితో తయారీదారుల పుస్తకము రాదు. కావున వానిని ఉంచుకొన్నవారు కొన్ని సంగతులు తామే నేర్చుకొనక తీరదు.

మొదట లోపలి అమరిక తెలియవలెను. అది తెలియనిదే ఏ నట్టును ఎటు త్రిప్పవలెనో తెలియదు. ఇంజను వెనుక ఫ్లైవీలు అను బరువైన చక్రము తిరుగుచుండును. దాని ముఖమునకు ఆనుకొని క్లచ్చు ప్లేటుండును. ఈ ప్లేటునకు రెండుప్రక్కలను గరుకైన లైనింగు రివెట్లతో బిగింపబడి యుండును. ప్లేటునకు వెనుక ప్రెషరు ప్లేటు కలదు. బలమైన స్ప్రింగులు దానిని సదా ముందునకు నొక్కుచుండును. ఫ్లైవీలునకును ప్రెషరు ప్లేటునకును నడుమ క్లచ్చు ప్లేటు ఇట్లు నలిగిపట్టుకొని యుండుటచేతనే ఇంజను బలము గేరుపెట్టెకును, అచటినుండి చక్రములకును చేరుచున్నది. ఆ స్ప్రింగుల బిగువు అంతయు ప్లేటుమీద పడవలెను. అందులో కొంచెము తగ్గినను ప్లేటు జారును. జారిన ప్లేటు రాపిడిచే వేడెక్కును. వేడెక్కిన లైనింగు కాలి గాజువలె నునుపగును, నునుపైనది మరింత జారును.

పెడలు నొక్కినపుడు కడ్డీ కదలి ఫోర్కును త్రిప్పును. ఫోర్కు ఒక బేరింగును ముందునకు జరుపును. ఆ బేరింగు ఫింగర్లు అను మీటల లోపలి కొనలను నొక్కును. ఈ ఫింగరు మన ఏతము వంటిది. ఏతపు మ్రాను ఒక కొన దిగిన రెండవ కొన లేచునట్లు, ఫింగరు లోపలి కొన ముందునకు పోయిన వెలుపలి కొన వెనుకకు వచ్చి ప్రెషరు ప్లేటును వెనుకకు లాగును. క్లచ్చు ప్లేటు విడివడును, చక్రములకు బలము ఆగును.

పెడలు మీదినుండి కాలు తీసినపుడు బేరింగునకును ఫింగర్ల కొనలకును నడుమ కొద్ది ఎడము మిగులవలెను. ఈ ఎడము 2 లేక 3 మిల్లీమీటర్లకు మించదు. పెడలు పొడవైన మీట యగుటచే ఆ కొద్ది ఎడమే పెడలు వద్ద రమారమి ఒక అంగుళపు నడకగా కనుపించును. పెడలును చేతితో నొక్కినపుడు మొదట కొంతదూరము తేలికగా దిగి, ఆ తరువాత గట్టిగా తగులును గదా, ఆ తేలిక నడకనే మెకానిక్కులు ప్లే అందురు. మేము దానిని వదులు అని వ్రాయుచున్నాము.

ఇక మనవారిలో పెక్కురు పొరబడు సంగతి యొకటి కలదు. యంత్రము అరిగినకొలది ఏ భాగమైనను వదులగుట మనకు తెలిసినదే. బండి ఇరుసు అరిగిన చక్రము ఊగును, నాగలి మేడి అరిగిన కదలును. క్లచ్చు పెడలు ఇందుకు విరుద్ధము. లోపల లైనింగు అరిగినకొలది పెడలు వదులు తగ్గిపోవును. ప్లేటు పలుచనగుటచే ప్రెషరు ప్లేటు ముందునకు జరుగును, ఫింగర్ల వెలుపలి కొనలు దానితో ముందునకు పోవును, ఏతమువలెనే లోపలి కొనలు వెనుకకు, అనగా బేరింగు వైపునకు వచ్చును. ఉండవలసిన ఎడము క్రమముగా పూడిపోవును. డ్రైవరు మాత్రము పెడలు క్రొత్తదానివలె గట్టిగానున్నదని సంతసించును! ఎడము పూర్తిగా పోయిననాడు బేరింగు ఫింగర్లకు సదా ఆనియుండును. కాలు పెట్టకున్నను ఎవరో పెడలును కొంచెము నొక్కి పట్టినట్లే యగును. స్ప్రింగుల బిగువు ప్లేటునకు పూర్తిగా అందదు, బరువు లాగునపుడు ప్లేటు జారును, బేరింగు ఎడతెగక తిరిగి అరిగిపోవును.

వదులు మితిమీరిన మరియొక కీడు. పెడలు అడుగంట నొక్కినను ప్లేటు పూర్తిగా విడివడదు. గేరు వేయునపుడు పళ్లు గరగరలాడును. బండి నిలుపదలచినను ముందునకు ప్రాకుచుండును. షెడ్డులో, కళ్లములో, పిల్లలు తిరుగు వీధిలో ఇట్టి బండి ఎంత ప్రమాదకరమో చెప్పనక్కరలేదు.

కొలుచు విధము. ట్రాక్టరును సమమైన నేలమీద నిలిపి, ఇంజను ఆపి, తాళపుచెవి తీసి దగ్గర నుంచుకొనవలెను. గేరు న్యూట్రలులో నుంచి, చేతిబ్రేకు వేసి, వెనుకచక్రములకు ముందును వెనుకను రాళ్లు పెట్టవలెను. వెనుకనున్న పనిముట్టును నేలకు దింపవలెను. పెడలు చుట్టును, కడ్డీ పొడవునను గట్టిపడిన బురదను గీకివేయవలెను. దమ్ము చేసిన బండ్లలో ఈ బురదయే పెడలును పూర్తిగా పైకి రానీయక లేనిపోని కొలతలు చూపును. తరువాత అడుగుబద్దను కాలిపీటమీద నిలువుగా నిలిపి పెడలు అంచు ఎంత ఎత్తున నున్నదో గుర్తింపవలెను. పెడలును చేతితో మెల్లగా నొక్కుచు, గట్టిగా తగిలినచోట ఆపి మరల గుర్తింపవలెను. కాలితో నొక్కిన ఆ భేదము తెలియదు, చేతికే తెలియును. రెండు గుర్తుల నడిమి దూరమే వదులు. చాల బండ్లకు ఇది 20 మొదలు 30 మిల్లీమీటర్ల వరకు ఉండవలెను. మీ బండి పుస్తకము దొరికిన అందులో చెప్పిన కొలతయే ప్రమాణము.

కొలత తక్కువగా వచ్చినంతనే పానా పట్టుకొనరాదు. ముందు రెండు సంగతులు పరీక్షింపవలెను. మొదటిది పెడలును పైకి లాగు స్ప్రింగు. అది సాగిపోయిన, లేక తెగిన, పెడలు తన బరువుచేతనే క్రిందికి వ్రేలాడి, బేరింగును ఫింగర్లకు ఆనించును. పెడలు ఇరుసునకు గ్రీజు లేక త్రుప్పుపట్టినను ఇదే జరుగును. స్ప్రింగు మార్చి, గ్రీజు పెట్టిన కొన్ని బండ్లకు సవరణ అవసరమే యుండదు.

రెండవది ఇంతకంటె మోసకరమైనది. కడ్డీ చివరల పిన్నులును, అవి దూరు రంధ్రములును అరిగిపోయి కోడిగ్రుడ్డు ఆకారమున సాగియుండును. పెడలు నొక్కినపుడు ఈ అరిగినచోటులలోనే అంగుళము నడక పోవును. అడుగుబద్ద సరియైన కొలత చూపును, లోపల మాత్రము బేరింగు ఫింగర్లను అంటియే యుండును. దీనిని కనుగొనుటకు, కడ్డీ వెనుకచివర పిన్ను తీసి, ఫోర్కు ఇరుసునకు వెలుపలనున్న చేతిని పట్టుకొని ముందునకు వెనుకకు కదలింపవలెను. ఆ చేయి కొద్దిగా స్వేచ్ఛగా ఆడవలెను. ఏమాత్రము ఆడక బిగిసియున్న, పెడలు వద్ద కనుపించు వదులు అంతయు బూటకమే. పిన్నులు మార్పించి, రంధ్రములు బుష్షు వేయించిన తరువాతనే కొలత నమ్మదగును. పాతబండ్లలో ఈ పరీక్ష తప్పనిసరి యని మా అభిప్రాయము.

ఇక సవరణ. కడ్డీ ఒక చివర మరలు కోసియుండి, దానికి యోకు అను రెండు చెవుల ముక్కయు, అది కదలకుండ ఒక లాకునట్టును ఉండును. లాకునట్టును వదులుచేసి, చీలపిన్ను తీసి, యోకు పిన్నును ఊడదీసి, యోకును త్రిప్పిన కడ్డీ పొడవు మారును. కొన్ని బండ్లలో యోకు తీయ నక్కరలేకయే కడ్డీ నడుమనున్న మరను త్రిప్పుటకు వీలుండును. ఎటు త్రిప్పవలెనన్నది కడ్డీ పని తీరునుబట్టి యుండును. ఒకరు పెడలు నొక్కుచుండగా మరియొకరు క్రిందినుండి చూడవలెను. కడ్డీ ఫోర్కు చేతిని లాగుచున్నదైన, కడ్డీని పొడిగించిన వదులు పెరుగును, కురుచచేసిన తగ్గును. కడ్డీ ఫోర్కు చేతిని నెట్టుచున్నదైన ఇందుకు వ్యతిరేకము, అనగా కురుచచేసిన వదులు పెరుగును. దీనిని సరిగా చూచుకొనక త్రిప్పి, ఉన్న కొద్ది ఎడమును కూడ పోగొట్టినవారు కలరు.

ఒకమారు ఒక చుట్టుకంటె మించి త్రిప్పరాదు. త్రిప్పి, పిన్ను దూర్చి, పెడలును అయిదారుమార్లు పూర్తిగా నొక్కి విడిచి, మరల కొలువవలెను. కొలత కుదిరిన పిమ్మట లాకునట్టును గట్టిగా బిగించి, ఇంకొకమారు కొలువవలెను, బిగించునపుడు యోకు కొంత తిరుగుట కలదు. పాత చీలపిన్నును మరల వాడక క్రొత్తది వేయవలెను. చీలపిన్నునకు బదులు మేకుముక్కయో కట్టుతీగయో చుట్టుట మనవారి అలవాటు. అది ఊడినపుడు పెడలు ఒక్కసారిగా అడుగునకు పడిపోవును, బండి ఆగదు. వరి బస్తాల ట్రక్కును వెనుక తగిలించుకొని కాలువకట్టమీద పోవువాడు ఈ సంగతి మరువరాదు.

రోటవేటరు మొదలగువానికై జంట క్లచ్చు గల బండ్లున్నవి. వానిలో పెడలు సగము నొక్కిన చక్రములు ఆగును, పూర్తిగా నొక్కిన వెనుకనున్న పి.టి.ఓ. ఇరుసు కూడ ఆగును. వీనిలోను పెడలు పైభాగపు వదులును పైన చెప్పినట్లే సరిచేయవచ్చును. రెండు ప్లేటుల నడిమి ఎడమును సవరించు మరలు వేరుగా లోపల నుండును. వానికి సన్నని కొలతబిళ్లలు కావలెను, మూడు ఫింగర్లకు సమముగా త్రిప్పవలెను. అది మనపని కాదు, మెకానిక్కునకే విడువవలెను. పెడలు పూర్తిగా నొక్కినను పి.టి.ఓ. ఆగకుండుట గమనించినవారు ఆ బండితో రోటవేటరు పని నిలిపివేయవలెను. క్లచ్చు ఎంత బాగున్నను, గడ్డి చుట్టుకొన్నదని రోటవేటరు కత్తుల నొద్దకు పోవునపుడు ఇంజను ఆపియే పోవలెను.

సవరణ ముగిసిన తరువాత రెండు పరీక్షలు చేయవలెను. ఇంజనును మెల్లగా నడపుచు, పెడలును అడుగంట నొక్కి, అయిదు లెక్కించి, రివర్సు గేరును నెమ్మదిగా వేయుడు. శబ్దము లేక పడినయెడల ప్లేటు చక్కగా విడివడుచున్నట్లే. రెండవ పరీక్షకు ముందును వెనుకను ఎవరును లేని మైదానము కావలెను. రెండు బ్రేకు పెడళ్లను కొక్కెముతో కలిపి గట్టిగా నొక్కిపట్టి, పెద్దగేరు వేసి, ఇంజనును మధ్యమవేగమున నుంచి, క్లచ్చును నిదానముగా వదలవలెను. ఇంజను వెంటనే ఆగిపోయిన పట్టు బాగున్నది. బండి కదలక ఇంజను మాత్రము తిరుగుచునే యున్న ప్లేటు జారుచున్నది. అట్లు కనుపించిన తక్షణము పెడలు నొక్కి ఇంజను ఆపవలెను. ఈ పరీక్ష ప్లేటును వేడిచేయును గనుక వినోదమునకై మరల మరల చేయదగదు.

వదులు సరిగానున్నను ప్లేటు జారుచున్నచో కడ్డీతో బాగుచేయజాలము. లైనింగు రివెట్ల వరకు అరిగియుండవచ్చును, స్ప్రింగులు చచ్చియుండవచ్చును, లేదా ప్లేటుకు నూనె అంటియుండవచ్చును. నూనె సంగతి తెలియుటకు క్లచ్చు గూడు అడుగున ఒక చిన్న రంధ్రమున్నదేమో చూడవలెను. అందుండి నూనెబొట్లు కారుచున్న ఇంజను వెనుక సీలో, గేరుపెట్టె ముందు సీలో చెడినదని అర్థము. దమ్ము చేయునపుడు బురదనీరు పోకుండ ఆ రంధ్రమునకు బిరడా పెట్టు బండ్లు కలవు. దమ్ము ముగియగనే దానిని తీయవలెను, లేనియెడల కారిన నూనె లోపలనే నిలిచి ప్లేటును తడుపును. కడ్డీకి మరలు అయిపోవువరకు సవరించి, ఇంక సవరించుటకు చోటు లేకపోయిన ప్లేటు ఆయువు తీరినట్లే. అట్టి ప్లేటుతో ఇంకొక కారు గడుపబూనుట ఫ్లైవీలు ముఖమునకు కూడ చేటు. విప్పినపుడు లోపలి ధూళిని నోటితో ఊదరాదు, గాలిగొట్టముతో కొట్టరాదు. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండెడిది. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరము. తడిగుడ్డతో తుడువవలెను.

ఎంత చక్కగా సవరించినను, కాలు పెడలుమీద ఆనించియే నడపు డ్రైవరు చేతిలో ప్లేటు నిలువదు. అతడు ఆ వదులును తన కాలి బరువుతో ఎల్లప్పుడు పూడ్చుచున్నాడు. గేరు మార్చునపుడు, నిలుపునపుడు తప్ప కాలు నేలపీటమీదనే యుండవలెను. గట్టు ఎక్కునపుడు చిన్నగేరు వేయక సగము క్లచ్చుతో లాగించుట ఇట్టిదే.

గోదావరి, కృష్ణా డెల్టాలలో దమ్మనియు, తెలంగాణమున కరిగెట యనియు పిలుచు పనిలో ఇనుపచక్రములు బురదలో దిగబడినపుడు క్లచ్చును పట్టిపట్టి వదలుచు బండిని కుదుపుట మనము నిత్యము చూచుచున్నాము. ఇందులో ప్లేటు కాలుట చిన్నసంగతి. చక్రములు కదలలేని స్థితిలో క్లచ్చును ఒక్కసారిగా వదలిన, ఇంజను బలము చక్రమును త్రిప్పలేక బండి ముందుభాగమునే పైకెత్తును. రెండు సెకండ్లలోపలనే ట్రాక్టరు వెనుకకు తిరుగబడి, నడపువాడు దానిక్రింద పడును. ముందుచక్రములు లేచిన క్షణమున బండిని దింపు సాధనము పెడలు నొక్కుట యొక్కటియే. ఆ నొక్కుటతో ప్లేటు నిశ్చయముగా విడివడవలెను. వదులు మితిమీరిన పెడలుతో అది జరుగదు. దిగబడిన బండిని వెనుకకు తీసి చూడవలెను. వీలుకాకున్న, చక్రములక్రింద త్రవ్వి, ముందుప్రక్కనుండి వేరొక ట్రాక్టరుతో లాగింపవలెను. వెనుకచక్రములకు దుంగలు కట్టి ముందునకు నడపుట ప్రాణాపాయము.

సంఘములు అద్దెకిచ్చు ట్రాక్టర్ల విషయమున ఒక సూచన చేయుచున్నాము. ఉమ్మడి యెద్దునకు మేత వేయువాడు కరవైనట్లు, పదుగురు నడపు బండి పెడలును కొలుచువా డుండడు. బండిలో ఒక చిన్న పుస్తకముంచి, దమ్ము కాలమున వారమున కొకమారును, తక్కిన కాలమున 50 గంటల పనికొకమారును వదులు కొలిచి, తేదీతో, ఆ వారము నడపినవాని పేరుతో వ్రాయవలెను. ఒక వారమున 25 ఉన్నది మరుసటి వారమునకు 15 అయిన, ఆ నడుమ బండి ఎట్లు నడపబడినదో అడుగుటకు కార్యదర్శికి ఆధారముండును. ఇది డ్రైవరును నిందించుటకు మాత్రమే కాదు. పిన్నులు అరిగినవో, స్ప్రింగు తెగినదో కూడ ఈ అంకెలే చెప్పును. అద్దె లెక్కలు వ్రాయు సంఘమునకు ఈ పంక్తి యొకటి చేర్చుట బరువు కాదు.

పంట కోతలైన పిమ్మట బండిని నెలలతరబడి నిలుపునపుడు, గూడులోని చెమ్మచే ప్లేటు ఫ్లైవీలునకు త్రుప్పుతో అంటుకొనుట కలదు. మరల తీసినపుడు పెడలు నొక్కినను గేరు పడదు. దీనికి నివారణగా కొన్ని బండ్లకు పెడలును నొక్కిపట్టు కొక్కెము తయారీలోనే యుండును. లేనివారు పెడలును పూర్తిగా నొక్కి, అది పైకి రాకుండ తగిన పొడవుగల చెక్కముక్కను బిగించి నిలుపవచ్చును. ఆ దినమున వదులు ఎంత యున్నదో సుద్దతో మడ్‌గార్డుమీద వ్రాసియుంచి, తొలకరికి చెక్క తీసిన వెంటనే మరల కొలిచి చూడవలెను.